పొవిస్‌లో పాత ఇల్లు కొంటున్నారా? లిస్టెడ్ బిల్డింగులు: అపోహలు - వాస్తవాలు

పోయిన చలికాలం ఒక డాక్టరుగారు ఫోన్ చేశారు. ఉద్యోగం బోర్డర్ అవతల, ఇంగ్లండ్ ఆసుపత్రిలో. ఇల్లు మాత్రం ఇవతల వేల్స్‌లో, పొవిస్ కౌంటీలో, కొండవాలున ఉన్న రాతి ఫామ్‌హౌస్ చూసుకున్నారు. "అన్నా, గ్రేడ్ టూ అన్నాడు ఏజెంటు. సెకండ్ గ్రేడే కదా, పెద్ద పట్టింపులుండవు కదా?"

పాత ఇళ్ల మరమ్మతులే నా జీవనాధారం. ఈ ప్రశ్న వినకుండా నాకు నెల గడవదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. లిస్టెడ్ బిల్డింగు అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం తన జాబితాలో చేర్చిన కట్టడం, దాని స్వరూపం మార్చాలంటే అనుమతి తీసుకోవాలి. మూడు పాత జిల్లాలు కలిపి 1974లో చేసిన కౌంటీ పొవిస్. వేల్స్ నేలలో దాదాపు పావు వంతు ఇదే. జనం మాత్రం లక్షా ముప్పై వేల పైచిలుకు, గొర్రెలు అంతకు ఎన్నో రెట్లు. జనం పల్చగా ఉన్నచోట పాత కట్టడాలు కూలగొట్టే తొందర ఎవరికీ ఉండదు, అందుకే ఇన్ని మిగిలాయి. ఏది లిస్టులో చేర్చాలో చూసేది వేల్స్ ప్రభుత్వ విభాగం 'కాడూ'. వెల్ష్‌లో ఆ మాటకు కాపాడటం అని అర్థం. మన 'కాపాడు'కు దగ్గరగా వినబడటం యాదృచ్ఛికమే అయినా నాకు ముచ్చటగా ఉంటుంది.

అపోహ: గ్రేడ్ టూ అంటే రూల్స్ తక్కువ.

కాదు. వేల్స్‌లో సుమారు 30,000 లిస్టెడ్ కట్టడాలుంటే, వాటిలో నూటికి తొంభై పైగా గ్రేడ్ టూనే. పైన గ్రేడ్ టూ స్టార్, ఆపైన గ్రేడ్ వన్. కట్టడం ఎంత ముఖ్యమో గ్రేడ్ చెబుతుంది. అనుమతి తీసుకోవాలన్న చట్టం మూడింటికీ ఒకటే. 2024 నవంబరు 4 నుంచి వేల్స్‌కు సొంత చట్టమే అమల్లోకి వచ్చింది కాబట్టి ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న బావగారి సలహాలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

అపోహ: బయటి ముఖం కదపకపోతే చాలు, లోపల మన ఇష్టం.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. లిస్టయింది ముందు గోడ కాదు, మొత్తం ఇల్లు. మెట్లు, పొయ్యిగూడు, తలుపులు, పైకప్పు దూలాలు, అన్నీ. 1948 జులై 1కి ముందునుంచీ ఇంటి ఆవరణలో ఉన్న కొట్టం, ప్రహరీగోడ కూడా సాధారణంగా దాని కిందికే వస్తాయి. "లిస్టు కాగితంలో ఆ పొయ్యిగూడు ప్రస్తావనే లేదండీ" అంటారు. ఆ కాగితం ఇంటిని గుర్తుపట్టడానికి రాసింది, ఇంట్లో సామాను జాబితా కాదు. అది రాసిన రోజు ఇన్‌స్పెక్టరు లోపలికి వెళ్లారో లేదో కూడా చాలాసార్లు చెప్పలేం.

డాక్టరుగారు వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేద్దామన్నారు. చూడ్డానికి మామూలు ప్లాస్టర్‌బోర్డు. వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాను. ఒకచోట డొల్లగా, జానెడు అవతల నిండుగా మోగింది. స్విచ్చుబోర్డు పక్కన ఊడిన మూలలో టార్చి వేసి చూస్తే, నల్లగా నిగనిగలాడుతున్న ఓక్ పలకలు. నిలువు చట్రాల్లో బిగించిన పాతకాలపు అడ్డగోడ. ఎవరో మహానుభావుడు కప్పేశాడు, పోనీ పీకెయ్యలేదు.

అపోహ: లిస్టయిన ఇంట్లో మేకు కూడా కొట్టనివ్వరు.

పాడైన చోట అదే రకం సరుకుతో, అదే పద్ధతిలో చేసే మరమ్మతుకు మామూలుగా అనుమతి అక్కర్లేదు. ఇంటి స్వరూపాన్ని మార్చే పనికే కావాలి. పాత చెక్క కిటికీ తీసేసి ప్లాస్టిక్ డబుల్ గ్లేజింగ్ పెట్టడం లాంటిదన్నమాట. దానికి బదులు లోపలివైపు రెండో అద్దం బిగిస్తే చలీ ఆగుతుంది, అనుమతి రావడమూ తేలిక. దరఖాస్తుకు ఫీజు లేదు, నిర్ణయానికి గడువు 8 వారాలు. డ్రాయింగులు గీసే నాలాంటివాడికి మాత్రం ఫీజు ఉంటుంది, అది ముందే ఒప్పేసుకుంటాను.

కాసిల్ కైరైనియన్ ఊరి దగ్గర టీ మౌర్ అని ఒక ఇల్లుంది. పేరుకు అర్థం 'పెద్దిల్లు'. చెట్టు వలయాలు లెక్కగట్టి, దాని కలప 1460 ప్రాంతంలో కొట్టిందని తేల్చారు. కూలిపోయే దశకు చేరిన దాన్ని 1990ల చివర్లో మళ్లీ నిలబెట్టారు. గ్రేడ్ వన్ కట్టడానికే అంత పని చేయగలిగినప్పుడు మీ బాత్రూం మార్చడానికి దారి దొరక్కపోదు.

అపోహ: సున్నం పాతకాలపు సరుకు, సిమెంటైతే గట్టిగా ఉంటుంది.

ఈ నమ్మకం వల్ల పాడైన ఇళ్లు వానకు పాడైనవాటికి తీసిపోవని నా అభిప్రాయం. పాత రాతిగోడ రెండడుగుల మందం ఉంటుంది, మధ్యలో చిన్నరాళ్లూ మట్టీ. వాన తడి కొంత లోపలికి వెళ్తుంది, సున్నపు సందుల్లోంచి మళ్లీ బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు మెత్తితే వెళ్లిన తడికి బయటికి దారుండదు.

పొవిస్‌లో కలిసిన పాత జిల్లా మంట్‌గమరీషైర్ వైపు చెక్కచట్రం ఇల్లొకటి చూశాను. కొత్త సిమెంటు, తెల్ల పెయింటు, పెళ్లింటిలా ఉంది. కిందనున్న అడుగు దూలంలో చిన్న జేబుకత్తి మొన ఆనించాను, పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే బ్లేడుకు తడి కాఫీపొడిలా అంటుకుంది. అది ఓక్. వందల ఏళ్ల వానకు చలించని కలప, సిమెంటు పూత లోపల నాని నాని ముద్దయింది. ఇంటాయన అంతకుముందే తేమ ఆగే మందు గోడకు ఇంజెక్షన్ చేయించారట. తేమ మీటరు పెట్టి, ముల్లు తిరిగేది చూపించి భయపెట్టి అమ్మే సరుకది. చాలా ఇళ్లకు దానికన్నా గోడ పక్కన పెరిగిన మట్టిని దించి, విరిగిన వానగొట్టం మార్చడం మేలు.

గానుగ సున్నంతో కట్టిన మన తాతల ఇళ్లు గుర్తుంటే ఇదంతా కొత్తగా అనిపించదు. ఈ ప్రాంతపు చెక్క ఇళ్లలో చట్రాల మధ్య నింపింది కూడా మనకు తెలిసిందే, తడిక అల్లి మట్టి మెత్తడం.

అపోహ: ముందు ఓనరు చేసిన తప్పుకు నాకేం సంబంధం?

కేసు పడేది పని చేసినవాళ్ల మీదే. అనుమతి లేకుండా చేయడం నేరం, రెండేళ్ల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. కానీ సరిచేయమని నోటీసు వచ్చేది ఇప్పటి ఓనరుకి, దానికి కాలపరిమితి లేదు. కొనేముందు, ముందు ఓనరు మార్చిన కిటికీల్లాంటివాటికి లాయరు చేత అనుమతి కాగితం అడిగించండి.

అపోహ: కోటలూ బంగళాలే లిస్టవుతాయి.

పొవిస్ కోట సరే. లానిద్లోయిస్ ఊరి నడిబొడ్డున కర్రస్తంభాల మీద నిలబడ్డ పాత సంతభవనం ఉంది. మరో పాత జిల్లా రాడ్నర్‌షైర్ కొండమీద 1717 నాటి క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖ) ప్రార్థనా మందిరం ఉంది, గడ్డికప్పుతో. బర్మింగ్‌హామ్‌కు నీళ్లివ్వడానికి ఏలన్ లోయలో కట్టిన క్రైగ్ గోఖ్ డ్యామూ ఉంది. ఎర్ర టెలిఫోను డబ్బాలు, మైలురాళ్లు సైతం ఉన్నాయి.

అపోహ: లిస్టయితే ప్రభుత్వమే డబ్బిస్తుంది.

గ్రాంట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు వ్యాట్ ఉండేది కాదు, ఆ మినహాయింపు 2012 అక్టోబరు 1తో పోయింది.

గబ్బిలాల సంగతి వేరే చట్టం. అటకమీద అవి ఉంటే లిస్టింగ్ అనుమతి చేతికొచ్చినా కప్పు విప్పకూడదు, ముందు సర్వే చేయించాలి. అవసరమైతే దాని లైసెన్సు వేరే చోట తీసుకోవాలి.

ఇక డాక్టరుగారి ఇల్లు. ఆ అడ్డగోడ తీయడం లేదు. ప్లాస్టర్‌బోర్డు విప్పి, పాత పలకలు బయటపెట్టి, చివర ఎప్పుడో మూసేసిన ద్వారం మళ్లీ తెరుద్దామని దరఖాస్తు పెట్టాం. ఆయన మొదట పొవిస్ కౌన్సిల్‌కు పంపబోయారు. ఇల్లు పొవిస్‌లోనే ఉన్నా బన్నై బ్రఖైనియోగ్ నేషనల్ పార్కు హద్దులో పడింది, అక్కడ ప్లానింగ్ అధికారం పార్కుది. చిరునామా మార్చి పంపించాం. ఎనిమిది వారాల్లో అయిదు గడిచాయి.