వద్దన్నా పడుతున్న ఫోర్ వీల్

మా చిన్నాన్న బండి నంబరు ఇంకా ఓఆర్-10తోనే మొదలవుతుంది. ఒడిశాలో కొత్త బండ్లకు ఓడీ అని ఇవ్వడం 2012లో మొదలైంది కాబట్టి దాని వయసు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇల్లు జయపురంలో, చుట్టాలందరూ సాలూరు, బొబ్బిలి వైపు. నెలకు ఒక్కసారైనా సుంకి ఘాట్ దిగి ఎక్కాల్సిందే. వానాకాలంలో పొట్టంగి దాటి లోపలి ఊళ్ళకు వెళ్తే ఎర్రమట్టి టైరుకు జిగురులా పట్టేస్తుంది. అందుకే ఏరికోరి ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నారు.

ముందటేడు దసరా ముందు, ఎండలో, ఆరిన తారు రోడ్డు మీద యూటర్న్ తిప్పుతుంటే స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు మీద కాలు లేకపోయినా బండి బ్రేకు పట్టినట్టు ఆగి ఆగి కదులుతోంది. ముందు టైరు తారును గీరుతూ చిన్న చిన్న గెంతులు వేస్తోంది. డ్యాష్‌బోర్డు మీద నాబ్ చూస్తే 2హెచ్ దగ్గరే ఉంది. అంటే వెనక చక్రాలు మాత్రమే లాగాలి. ఫోర్ వీల్ లైటు మాత్రం కాసేపు వెలిగి, కాసేపు ఆరి, దాని ఇష్టం.

ఒక గ్యారేజీలో పవర్ స్టీరింగ్ పంపు అన్నారు, మార్చాం. ఇంకో చోట బాల్ జాయింట్లన్నారు, అవీ మార్చాం. బండి మారలేదు. చివరికి పాత జీపుల మీద చెయ్యి తిరిగిన ముసలి మెకానిక్ ఒకాయన దొరికాడు. మేం లైటు గురించి మొదలుపెడితే మధ్యలోనే ఆపేసి, "ఆ లైటు సంగతి ఒగ్గీండి బాబూ, ముందు షాఫ్టు సూద్దాం" అన్నాడు. ఈ వ్యాసం అంతా నిజానికి ఆ ఒక్క మాటకి వివరణే.

బండి ఎందుకు బిగుసుకుంటుందో మీ వాకిట్లోనే చూడొచ్చు. బండి కడిగాక తడి టైర్లతో చిన్నగా ఒక వంపు తిప్పండి. సిమెంటు మీద నాలుగు తడి గీతలు పడతాయి, రెండు కాదు. ముందు చక్రాలు బయట దారిలో, వెనక చక్రాలు లోపలి దారిలో పోతాయి. కళ్ళంలో ఎడ్లను వరసగా కట్టి తిప్పితే గుంజ దగ్గరి ఎద్దు కంటే చివరి ఎద్దు ఎక్కువ నడిచినట్టే.

ఎంత ఎక్కువో లెక్క వేద్దాం. మా బండికి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం దాదాపు 2.7 మీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, పైథాగరస్ సూత్రం ప్రకారం ముందు ఇరుసు మధ్యభాగం దాదాపు 5.7 మీటర్ల వ్యాసార్ధంతో తిరగాలి. ఒక యూటర్న్ పూర్తయ్యేసరికి వెనకది 15.7 మీటర్లు పోతే ముందుది 17.8 మీటర్లు. టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు కాబట్టి ముందు చక్రాలు దాదాపు ఒక చుట్టు ఎక్కువ తిరగాలన్నమాట.

2హెచ్‌లో ఇది సమస్యే కాదు. ముందు చక్రాలు వాటి మానాన అవి తిరుగుతాయి. కానీ ఇలాంటి పాత బండ్లలో 4హెచ్, అంటే నాలుగు చక్రాలూ లాగేలా వేస్తే, ఇంజన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె, అదే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు చక్రాలకు బలం మోసే షాఫ్టునూ వెనక చక్రాలకు మోసే షాఫ్టునూ ఒకే ఇనుప కడ్డీలా కలిపేస్తుంది. మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ ఉండదు. రెండూ సమానంగా తిరిగి తీరాలి, రోడ్డేమో ముందుదాన్ని ఒక చుట్టు ఎక్కువ తిరగమంటోంది. ఎద్దు ఎండకు, దున్న నీడకు. బురదలో అయితే టైరు కాస్త జారి తగువు తీరిపోతుంది. ఆరిన తారు జారనివ్వదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్ల పళ్ళల్లో పోగుపడి, ఇక పట్టలేక టైరు గెంతుతుంది. అదే మేం విన్న గీరుడు.

ఆ మెలి పట్టేసి ఉన్నప్పుడు గేర్ల పళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. నాబ్ 2హెచ్‌కి తిప్పినా, రెండు షాఫ్టులనూ కలిపే స్లీవ్ వెనక్కి రాదు. చాలామంది ఫోర్ వీల్ చెడిపోయిందని కంగారుపడేది ఇక్కడే. నిజానికి చెడిందేమీ ఉండదు. స్టీరింగ్ నిటారుగా పెట్టి పది అడుగులు రివర్స్ పోతే చాలాసార్లు 'టక్' మని వదిలేస్తుంది. మాది అలా వదల్లేదు.

ముందు చక్రానికి బలం అందాలంటే రెండు చోట్ల కలవాలి. ఒకటి ట్రాన్స్‌ఫర్ కేస్, రెండోది చక్రాన్ని ఇరుసుకి కలిపి విడదీసే హబ్. ఒక్కటే కలిస్తే ముందు షాఫ్టు ఊరికే తిరుగుతుంది, కొంచెం మోత వస్తుంది, అంతే. బండి బిగుసుకుందంటే రెండూ కలిసినట్టు. ఇది తెలిస్తే సగం తగాదా తీరినట్టే. మాకు తెలియకే రెండు గ్యారేజీలకు సమర్పించుకున్నాం.

ముసలాయన చేసిన పరీక్షకి అయిన ఖర్చు ఒక సుద్దముక్క. ముందు షాఫ్టు మీద అడ్డంగా గీత గీసి, చదును నేల మీద బండిని రెండు మీటర్లు నెట్టించి, పక్కకి కూర్చుని చూశాడు. గీత కదలకపోతే రెండు చోట్లా విడిపోయినట్టే. మాది తిరిగింది. అంటే కనీసం ఒకటైనా కలిసి ఉంది. అప్పుడు వెనక చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాడు. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి తలకాయ కూడా పెట్టనివ్వలేదు. చక్రాన్ని చేత్తో తిప్పితే షాఫ్టు కూడా తిరిగితే దోషం హబ్‌ది. చక్రం తిరిగి షాఫ్టు కదలకపోతే హబ్ మంచిదే, పట్టుకున్నది ట్రాన్స్‌ఫర్ కేస్. చక్రమే తిరగకపోతే, బ్రేకు పట్టలేదని తేల్చుకున్నాక, రెండూ కలిసి ఉన్నట్టు. మా చక్రం ఇంచు కూడా కదల్లేదు.

మరి నాబ్ 2హెచ్ అంటుంటే ఎవరు కలిపారు? నాబ్‌కి గేర్లతో నేరుగా సంబంధం లేదు. అది ఒక కంట్రోల్ బాక్సుకి కబురు పంపుతుంది, బాక్సు ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న చిన్న మోటారును తిప్పిస్తుంది. మోటారు ఇప్పుడెక్కడుందో చెప్పడానికి దానిలోనే ఒక సెన్సర్ ఉంటుంది. ఆ సెన్సర్ తప్పు చెబితే బాక్సు తప్పు చోట మోటారును ఆపేస్తుంది. హబ్‌లకు వాక్యూమ్ (గాలి లాగుడు) పంపే వాల్వు కూడా మా బండిలో ఆ బాక్సు మాటే వింటుంది. మోటారుకి వైర్లు కలిపే కప్లర్ ఊడదీసి చూస్తే లోపల తడి, ఎర్రమట్టి, రెండు పిన్నుల మీద పచ్చగా చిలుము. రాగికి ఆ పచ్చచిలుము పడితే కరెంటు సరిగ్గా పోదు. శుభ్రం చేసి, ఆరబెట్టి, గ్రీజు రాసి బిగిస్తే లైటు కుదురుకుంది, షాఫ్టు మీద గీత కదలడం మానేసింది.

అందరికీ ఇదే జబ్బని కాదు. కొన్ని బండ్లలో హబ్‌లను విడిగా ఉంచేదే వాక్యూమ్, రబ్బరు పైపు ఎక్కడ పగిలినా హబ్ దానంతటదే కలిసిపోతుంది. నాబ్ బదులు లివరున్న బండ్లలో ఇంజన్‌ను మోసే మౌంటింగులు కుంగి లివరు రాడ్డును లాగేస్తాయి. బ్యాటరీ నీరసపడితే మోటారు సగంలో ఆగుతుంది. ఇక ఎప్పుడు ఫోర్ వీల్ కలపాలో బండే చూసుకునే రకాల్లో టైర్లను కూడా అనుమానించాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేస్తే కిలోమీటరుకు ఏడెనిమిది చుట్ల తేడా వచ్చేస్తుంది. వెనక చక్రం జారుతోందనుకుని బండి ముందుదాన్ని కలిపేస్తుంది.

ఫోర్ వీల్ మోటారు ఫ్యూజు పీకేస్తే సరి అని కొందరు సలహా ఇస్తారు. ఫ్యూజు పీకితే ఫోర్ వీల్ విడిపోదు, మోటారు ఎక్కడుంటే అక్కడే ఉండిపోతుంది. ముందు సుద్దగీతతో విడిపోయిందని తేల్చుకుని అప్పుడు పీకాలి. అదైనా గ్యారేజీకి చేరేదాకే. నెలకోసారైనా మట్టి నేల మీద ఫోర్ వీల్ వేసి తీయకపోతే లోపలి భాగాలు బిగుసుకుపోతాయి.

చిన్నాన్నకి ఇదంతా చెప్పాను. అయినా ఆయనకి భయం పోలేదు. పోయిన జూలైలో దేవమాలి కొండకి వెళ్తుంటే వానకి తడిసిన ఎక్కుడులో వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. నాబ్ 4హెచ్‌కి తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు.

"ఫ్యూజు తీసేశావా చిన్నాన్నా?"

"తీశానురా."

"ఏదీ మరి?"

"ఇంట్లో, దేవుడి గూట్లో పెట్టాను. పోకుండా ఉంటుందని."