వదిన తెలుపు, గుడి నలుపు

సద్దుల బతుకమ్మ రాత్రి హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర నేను తీసిన మొదటి ఫోటోలో వదిన ముఖానికి సున్నం పూసినట్టుంది. ఆమె వెనక గుడి లేదు, దీపాలు లేవు, చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడవాళ్లు లేరు. అంతా కాటుక. పొద్దంతా కూర్చుని వరుసలు వరుసలుగా పేర్చిన తంగేడు, గునుగు పూలు కూడా ఒకే ముద్దగా వచ్చాయి.

కెమెరాలోని బుల్లి ఫ్లాష్‌ను తిట్టుకుని, పైన తగిలించే పెద్ద ఫ్లాష్ కొన్నాను. మరుసటి ఏడాదీ అదే ఫోటో వచ్చింది. ముఖం మాత్రం ఇంకాస్త తెల్లబడింది.

వెలుగు ఎంత దూరం పోతే అంత పలచబడుతుంది. అదీ దూరం లెక్కన కాదు, దూరం వర్గం లెక్కన. వదిన ఒకటిన్నర మీటర్లలో, గుడి స్తంభం ఆరు మీటర్లలో ఉంటే దూరం నాలుగింతలే, కానీ స్తంభానికి చేరే వెలుగు 16వ వంతు. వదినకు సరిపడా వెలుగు ఇస్తే స్తంభం చీకట్లో ఉండిపోతుంది, స్తంభానికి ఇస్తే వదిన మాడిపోతుంది. ఎంత ఖరీదైన ఫ్లాష్ తెచ్చినా ఈ నిష్పత్తి మారదు.

మరి గుడిని ఫోటోలోకి తెచ్చేదెలా? గుడికి తన దీపాలు తనకున్నాయి, వాటిని వాడుకోవాలి. నాకు ఇది అర్థం కావడానికి రెండు బతుకమ్మలు పట్టింది.

ఫ్లాష్ పేలాక సన్నని ఈల వినిపిస్తుంది, గమనించారా? లోపల నాలుగు పెన్సిల్ సెల్లుల ఆరు వోల్టులు సుమారు 300 వోల్టులుగా పెరిగి, విద్యుత్తును దాచిపెట్టే కెపాసిటర్‌లో నిండుతున్న చప్పుడది. (అందుకే పాడైన ఫ్లాష్‌ను సరదాకి విప్పకూడదు.) మీట నొక్కగానే ఆ విద్యుత్తంతా జినాన్ వాయువున్న గాజు గొట్టంలోంచి ఒక్కసారిగా దూకుతుంది. ఆ మెరుపు ఉండేది సెకనులో వెయ్యో వంతు లేదా అంతకన్నా తక్కువ. 1930లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఎడ్గర్టన్ అనే ఇంజనీరు పాలచుక్క చిందడాన్ని ఫోటోలో నిలబెట్టింది ఇలాంటి పొట్టి మెరుపులతోనే.

షట్టర్, అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తెరల జత, సెకనులో 200వ వంతు తెరుచుకున్నా, 20వ వంతు తెరుచుకున్నా మెరుపు మొత్తం లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి వదిన ముఖంలో పెద్ద తేడా ఉండదు. గుడి దీపాలు మాత్రం వెలుగుతూనే ఉంటాయి కనుక, రెండో సందర్భంలో పదింతలు ఎక్కువగా నమోదవుతాయి. ఒకే ఫోటోలో రెండు ఫోటోలన్నమాట. మెరుపును ఫ్లాష్ శక్తితో సరిచేసుకోవచ్చు, దీపాలను షట్టర్‌తో సరిచేసుకోవచ్చు. ఎపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) మాత్రం మెరుపునూ దీపాలనూ కలిపే మారుస్తాయి. షట్టర్ వేగాన్ని సెకనులో 200వ వంతు, 250వ వంతు దాటిస్తే మాత్రం మామూలు పద్ధతిలో ఫోటోకు ఒక అంచున నల్లపట్టీ పడుతుంది. షట్టర్ తెరలు రెండూ పూర్తిగా తెరుచుకుని ఉండే క్షణం అప్పుడు ఉండదు మరి.

ఇక మిగిలింది దిక్కు. రామప్ప గుడి మదనికలు (ఆడవాళ్ల శిల్పాలు) నున్నగా మెరిసే నల్లరాతివి. ఎదురుగా వెలుగు కొడితే ఆ రాయి అద్దంలా తిప్పికొడుతుంది, ఫోటోలో తెల్లమచ్చ మిగులుతుంది. అదే ఏటవాలు ఎండ పడితే హారంలో పూస పూసకూ నీడ కనిపిస్తుంది. లోతును చూపేది నీడే. కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ నీడలన్నిటినీ వస్తువు వెనక్కి తోసేస్తుంది, నా పూలు ముద్దయింది అందుకే.

ఇంట్లో అయితే ఫ్లాష్ తలను తెల్లటి స్లాబు వైపు తిప్పితే చాలు. అరచేతిలో పట్టే వెలుగు కప్పంతా పరుచుకుని, మబ్బుపట్టిన రోజులా మెత్తగా దిగుతుంది. పెళ్లి పందిరి కింద ఈ ఉపాయం వాడి ఒకసారి బుక్కయ్యాను. పైన ఎర్రగుడ్డ కట్టారు, పెళ్లికొడుకు టమాటాలా వచ్చాడు.

ఆరుబయట కప్పు ఉండదు. మూడో ఏడు ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి, తీగ లేకుండా దూరం నుంచే దాన్ని పేల్చే రేడియో ట్రిగ్గర్ పెట్టి, అన్న కొడుకు చేతికిచ్చి వదినకు ఎడమపక్క నిలబెట్టాను. ఫ్లాష్ పూర్తి శక్తిలో 16వ వంతు, షట్టర్ సెకనులో 20వ వంతు, ఐఎస్‌ఓ 1600. చప్పట్లు కొట్టే చేతులు నిలిచిపోయాయి, వెనక తిరిగేవాళ్ల చీర అంచులు రంగుచారలయ్యాయి. స్తంభాలు వచ్చాయి. గునుగు పూలు దేనికది విడిగా, తన పక్కదాని మీద నీడ వేస్తూ కనిపించాయి. వదిన ఫోటోను పెద్దది చేసి చూసి, మూడో వరుసలో ఒక తంగేడు రెమ్మ జారిందని చెప్పింది.