మన సంఘం వయసెంత? విశాఖ చర్చిల చరిత్రపై అపోహలు - వాస్తవాలు

జూబ్లీ దగ్గర పడిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అయ్యా, సావనీరులో రెండు పేజీల సంఘ చరిత్ర కావాలి, ఆదివారానికల్లా ఇచ్చేయండి" అంటారు. రాయడం గంట పని. అందులో ఏది నిజమో తేల్చుకోవడానికే ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. పాతికేళ్ళుగా పాత రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు, సమాధి రాళ్ళు చదువుతున్నాను. విశాఖలో ఏ సంఘానికి వెళ్ళినా దాదాపు అవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: బోర్డు మీద 'ప్రెస్బిటర్' అని రాసుంది, కాబట్టి మాది ప్రెస్బిటేరియన్ సంఘం.

బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట అంటారు. ప్రెస్బిటర్ అన్నది గ్రీకు మాట నుంచి వచ్చింది. అర్థం 'పెద్ద'. మన తెలుగు బైబిల్లో సంఘ పెద్దలు అని చదువుకునేది ఆ మాటనే. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో సంఘం ఎన్నుకున్న పెద్దలు, పాస్టరుగారు కలిసి కూర్చుని నిర్ణయాలు తీసుకుంటారు. కొన్ని సంఘాలకు కలిపి ప్రెస్బిటరీ, ఆ పైన సినడ్ ఉంటాయి. బిషప్ ఉండడు. 1560లో స్కాట్లండ్ చర్చి జాన్ నాక్స్ వంటివారి చేతుల మీదుగా ఈ దారి పట్టింది.

సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో బిషప్ ఉన్నారు. బిషప్ కింద సంఘాన్ని చూసుకునే అయ్యగారి హోదా పేరు ప్రెస్బిటర్, అంతే. అయితే చుట్టరికం అసలు లేదని కాదు. 1908లో దక్షిణాదిన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు (ఏ సంఘం నిర్ణయాలు ఆ సంఘమే తీసుకోవాలనేవాళ్ళు) కలిసి సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి అయ్యారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో అది ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి సీఎస్ఐ అయింది. చుట్టరికం ఉన్నంత మాత్రాన మేనత్త అత్తవారి ఇంటిపేరు మనకు రాదు కదా! మీ సంఘం ఈ పాయల్లో ఏ పాయ నుంచి వచ్చిందో మీ రిజిస్టరే చెప్పాలి. బోర్డు చెప్పదు.

అపోహ: సరే, కనీసం మన ఊరికొచ్చిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలైనా ప్రెస్బిటేరియన్ మిషన్ వాళ్ళే.

1805లో ఇక్కడికి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ లండన్ మిషనరీ సొసైటీ మనుషులు. ఆ సొసైటీ 1795లో పుట్టింది. మరుసటి ఏడాదే ఒక మూలసూత్రం రాసుకుంది: ప్రెస్బిటేరియన్, ఇండిపెండెంట్ (కాంగ్రిగేషనల్), ఎపిస్కోపల్ (బిషప్ ఉండే) పద్ధతుల్లో దేన్నీ మనం పంపడం లేదు, సువార్త పంపుతున్నాం, సంఘం ఎలా నడవాలో అక్కడి విశ్వాసులే తేల్చుకుంటారు అని. నాకైతే ఇందులో బాగా నచ్చే సంగతి ఇదే. కాలం గడిచేకొద్దీ సొసైటీలో కాంగ్రిగేషనల్ వాళ్ళే ఎక్కువయ్యారు, అది వేరే మాట. అందుకే "మొదట్లో మనది ఏ డినామినేషన్?" అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను.

తర్వాత కథ మళ్ళీ మలుపు తిరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ మిషన్ వాళ్ళు ఇక్కడి పనిని కెనడియన్ బాప్టిస్టులకు అప్పగించారు. సీబీఎం (కెనడియన్ బాప్టిస్ట్ మిషన్) కాంపౌండ్ అన్న పేరు వాళ్ళదే. దీనివల్ల రిజిస్టర్ల తీరే మారిపోతుంది. లండన్ మిషన్ కాలంలో పసిపిల్లలకు చిలకరింపు బాప్తిస్మం ఉండేది. బాప్టిస్టుల కాలంలో ఊహ తెలిసినవాళ్ళకే ముంచుడు బాప్తిస్మం. ఇది తెలియక ఒక సావనీరు కమిటీ వాళ్ళు బాప్తిస్మం తేదీనే పుట్టిన తేదీ అనుకుని తమ తొలి సంఘ పెద్దను పద్దెనిమిదేళ్ళు చిన్నవాణ్ణి చేసి అచ్చేశారు. ఆ లెక్కన ఆయనకు పదేళ్ళకే పెళ్ళయినట్టు! ఆయన మనవడు నా మీదే కోప్పడ్డాడు, నేనే రాశాననుకుని.

అపోహ: దొరలు ఈస్టిండియా కంపెనీ ఓడలో, కంపెనీ డబ్బుతో వచ్చారు.

అప్పట్లో మిషనరీలంటే కంపెనీకి గిట్టేది కాదు. 1813 చార్టర్ చట్టం వచ్చేదాకా వాళ్ళకు దారి సరిగ్గా తెరుచుకోలేదు. అందుకే క్రాన్, డెగ్రాంజెస్ కోపెన్‌హాగన్ వెళ్ళి, డెన్మార్క్ ఓడెక్కి, తమిళ తీరంలో డేన్‌ల చేతిలో ఉన్న తరంగంబాడిలో దిగారు. తమాషా ఏమిటంటే విశాఖ చేరాక ఇక్కడి కంపెనీ అధికారులు వాళ్ళను తరమలేదు సరికదా, కోటలో ఆదివారం ఇంగ్లీషు ఆరాధన జరిపించమన్నారు. కాబట్టి ఇటు కంపెనీ ఏజెంట్లనీ, అటు కంపెనీకి పగవాళ్ళనీ రాయడం రెండూ తప్పే.

అపోహ: తెలుగు సువార్తలను దొరలే కూర్చుని అనువదించారు.

వాళ్ళు ఊళ్ళోకొచ్చిన అయిదేళ్ళలోపే ఇద్దరూ పోయారు: క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో. అంత తక్కువ కాలంలో తెలుగు నేర్చుకుని మూడు సువార్తలు అనువదించారంటే పక్కన ఒక మనిషి ఉండబట్టే. ఆయన ఆనందరాయర్, మరాఠా బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైనవాడు. ఆ మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఇక్కడే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. సావనీర్లలో డెగ్రాంజెస్ ఫొటో కావాలంటూ వెతుకుతారు. కెమెరాయే లేని కాలం, ఫొటో ఎక్కడి నుంచి వస్తుంది? ఆనందరాయర్ పేరు వేయడానికి మాత్రం ఫొటో అక్కర్లేదు, ఒక లైను చాలు. ఆ ఒక్క లైనూ వేయరు.

అపోహ: పునాదిరాయి మీద ఉన్న ఏడాదే సంఘం పుట్టిన ఏడాది.

అది గోడల వయసు. గుడి కట్టకముందు చాలా సంఘాలు ఎవరో ఒకరి ఇంటి వరండాలో, బడి గదిలో కూడుకునేవి. మొదటి బాప్తిస్మం ఎంట్రీ, మొదటి ప్రభురాత్రి భోజనం, మొదటి కమిటీ మినిట్స్, ఈ మూడూ చూశాకే పునాదిరాయి దగ్గరకు వెళ్ళాలి.

అపోహ: రికార్డులన్నీ దొరలు పట్టుకుపోయారు.

సగమే నిజం. మిషనరీలు రాసిన ఉత్తరాలు, రిపోర్టులు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయ సంస్థ గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడ వెతికేటప్పుడు విశాఖపట్నం అని కొడితే చాలదు. వైజాగపటం అని కొట్టాలి. శ్రీకాకుళానికి చికాకోల్, భీమిలికి బిమ్లిపటం. సంఘం రిజిస్టర్లు మాత్రం చాలావరకు ఇక్కడే ఉండిపోయాయి. వాటిని తిన్నది దొరలు కాదు, చెదలు. మిగిలినవి సముద్రపు చెమ్మకు అట్టలు ఊడి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఒక సంఘంలో తడిసిన పెళ్ళి రిజిస్టరును పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు పెట్టి నీడలో ఆరబెట్టాం. కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు, విసనకర్రలతో ఇద్దరు పెద్దవాళ్ళు వంతులవారీగా కూర్చున్నారు. దాదాపు సగం పేజీలు దక్కాయి.

కాబట్టి జూబ్లీ ఇంకో ఏడాదిలో ఉందనగా నాకు ఫోన్ చేసే ముందు, వెస్ట్రీలో (గుడి పక్క గదిలో) ఉన్న పాత బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మూడు సంఘాల్లో ఆ తాళంచెవి కోసమే నాకు నెలలు పట్టింది.