సంక్రాంతి సెలవులకి గాస్టైన్ వస్తున్న పిల్లలకి

చిరంజీవులు సాహితి, కౌశిక్‌లకి మ్యూనిక్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈసారి సెలవుల్లో మిమ్మల్ని ఆల్ప్స్ కొండలకి తీసుకెళ్తానని అన్నప్పటి నుంచీ ఫోన్లో మీవి ఒకటే ప్రశ్నలు. కాళ్లకి పొడుగాటి పలకలు (స్కీలు) బిగించుకుని మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, పడితే కాలు విరుగుతుందా, అంత మంచులో వేడినీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అని. ఇవన్నీ ఫోన్లో హడావిడిగా చెప్పేవి కావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అమ్మమ్మకి కూడా చదివి వినిపించండి. ఆవిడా వస్తోంది కదా, ఆవిడకి పనికొచ్చేవీ ఇందులో ఉన్నాయి.

మనం వెళ్లేది ఆస్ట్రియాలో బాడ్ గాస్టైన్ అనే ఊరికి. సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. కొండవాలు మీద నిలువుగా కట్టిన ఊరు. ఊరి నడిమధ్య నుంచి ఒక జలపాతం మూడు అంచెలుగా 341 మీటర్లు కిందికి దూకుతుంది. పాత హోటళ్ల గోడల పక్కనుంచే ఆ నీళ్లు పోతుంటాయి, వంతెన మీద నిలబడితే మొహం తడుస్తుంది. పూర్వం ఇక్కడికి చక్రవర్తులు, మంత్రులు స్నానాలకి వచ్చేవాళ్లు. సంగీతకారుడు షూబెర్ట్ 1825లో వచ్చాడు.

ఆల్ప్స్‌లో స్కీ ఊళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంతకంటే పేరున్నవీ ఉన్నాయి. అయినా నేను ఈ ఊరే ఎంచుకోవడానికి కారణం మీరు రైలు దిగగానే కనిపిస్తుంది. స్టేషన్ ఎదురుగానే ష్టుబ్నెర్‌కోగెల్ కొండ మీదికి తీగల మీద వెళ్లే గొండోలా ఉంది, అక్కడే ఫెల్జెన్‌థెర్మె అనే వేడినీళ్ల స్నానశాల కూడా ఉంది. కారు అక్కర్లేదు. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ మీదుగా రైల్లో వచ్చేయొచ్చు. సాల్జ్‌బర్గ్ దాటాక ఇంకో గంటన్నర ప్రయాణం. కౌశిక్, నీకు రైళ్లంటే ఇష్టం కాబట్టి చెబుతున్నాను. ఈ మార్గం 1909లో పూర్తయింది. మనం దిగే గాస్టైన్ దాటగానే కొండ కింద ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగం ఉంది. కొండకి అవతలి వైపు వెళ్లాల్సిన కార్లని కూడా రైలెక్కించి ఆ సొరంగంలోంచి దాటిస్తారు. అది నీకు తప్పకుండా చూపిస్తాను.

ఇక వేడినీళ్ల సంగతి. కొండల మీద పడిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్లలోంచి నెమ్మదిగా లోపలికి దిగుతాయి. భూమి లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది, మామూలుగా కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీల దాకా. అలా చాలా లోతుకి దిగి కాగిన నీళ్లు వేరే పగుళ్ల దారిన లోయలోకి పైకి తన్నుకొస్తాయి. పైకి వచ్చే దారి నిటారుగా ఉండడంతో చల్లారే లోపే బయటపడతాయి. గాస్టైన్‌లో ఊట దగ్గర సుమారు 46 డిగ్రీల వేడి ఉంటుంది. ఆ వేడిలో మనం కూర్చోలేం. అందుకే చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. రోజుకి ఇంచుమించు 50 లక్షల లీటర్లు వస్తాయి. ఈ రోజు మనం మునిగే నీళ్లు వేల ఏళ్ల కిందట ఈ కొండల మీద కురిసిన వాన. నాకు ఆ మాట తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇది ఇక్కడే జరిగే వింత అనుకోకండి. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్లు ఊరతాయి. అమ్మమ్మని అడగండి, ఆవిడ చూసింది. అక్కడా కారణం ఇదే, భూమి లోపలి వేడి.

గాస్టైన్ నీళ్లలో ఇంకొకటి ఉంది, రేడాన్ అనే వాయువు. ఇక్కడి రాళ్లలో చాలా కొద్దిగా ఉండే యురేనియం నుంచి అది పుడుతుంది. పక్క ఊరు బ్యోక్‌ష్టైన్‌లో 1940లలో బంగారం కోసం కొండని తవ్వారు. బంగారం పెద్దగా దొరకలేదు. లోపల మాత్రం ఉక్కపోతగా వేడి, గాలిలో రేడాన్. అక్కడ పనిచేసిన వాళ్లు తమ కీళ్ల నొప్పులు తగ్గాయని చెప్పడంతో దాన్ని పరిశోధించి, తర్వాత వైద్యశాలగా మార్చారు. ఇప్పటికీ రోగులు చిన్న రైల్లో ఆ సొరంగం లోపలికి వెళ్లి పడుకుంటారు. మోకాళ్ల నొప్పులకి అమ్మమ్మని అక్కడికి తీసుకెళ్దామని సాహితి అడిగింది. నీ మనసు నాకు నచ్చింది తల్లీ. కానీ రేడాన్ రేడియోధార్మిక పదార్థం. డాక్టరు చూసి, ఇంతసేపు, ఇన్నిసార్లు అని రాసిస్తే తీసుకునే చికిత్స అది, సెలవుల్లో సరదాగా వెళ్లే చోటు కాదు. పిల్లలకి అసలే కాదు. అమ్మమ్మకి మామూలు వేడినీళ్ల కొలను చాలు. అది కూడా ఆవిడ బీపీ సంగతి మీ డాక్టరుగారిని అడిగాకే.

సంక్రాంతికే ఎందుకు రమ్మన్నానో చెప్తాను. ఇక్కడ క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా విపరీతమైన రద్దీ. మళ్లీ ఫిబ్రవరిలో వీళ్ల బడి సెలవులు మొదలైతే గదులు దొరకవు, కొండెక్కించే లిఫ్టుల దగ్గర క్యూలు. ఆ రెండింటి మధ్య జనవరి నడిమి వారాల్లో ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, గది అద్దెలు కూడా తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే మీకు సంక్రాంతి సెలవులు. మార్చిలో ఎండ బాగుంటుంది గానీ మీకు పరీక్షల టెన్షన్. జనవరిలో చలి ఎక్కువే, పగలు కూడా సున్నా కంటే కిందే ఉండడం మామూలు. పొద్దు తొందరగా కుంకుతుంది, నాలుగు గంటలకల్లా లిఫ్టులు ఆపేస్తారు. మన ప్లానుకి అది కలిసొచ్చేదే.

ఈ పేరా నాన్నకి చదివి వినిపించండి. విమానం దిగేది మ్యూనిక్‌లో అయినా ఎక్కువ రోజులు ఉండేది ఆస్ట్రియాలో కాబట్టి షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ఆస్ట్రియా తరఫునే అప్లై చేయాలి. ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు. మీరు దసరా సెలవుల్లోనే ఆ పని ముగించేయండి. వేలిముద్రలు సాహితి ఇవ్వాలి, పన్నెండేళ్లు నిండలేదు కాబట్టి కౌశిక్‌కి అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలన్నది వీసా నిబంధన. దానితో సరిపెట్టుకోవద్దు. స్కీయింగ్‌లో తగిలే దెబ్బలకీ, కొండ మీద నుంచి హెలికాప్టర్లో దించాల్సి వస్తే అయ్యే ఖర్చుకీ ఆ పాలసీ వర్తిస్తుందా అని రాతలో చూసుకోవాలి. చాలా మామూలు పాలసీల్లో అవి ఉండవు.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న భాగం.

స్టేషన్ ఎదురుగా గొండోలా ఉందన్నాను కదా, మొదటి రోజు స్కీలు పట్టుకుని మనం అది ఎక్కం. ఆ కొండ వాలు నిటారు, కొత్తవాళ్లకి పనికిరాదు. చూడ్డానికి మాత్రం ఒకరోజు వెళ్దాం. పైన 140 మీటర్ల పొడవున్న వేలాడే వంతెన ఉంది, అమ్మమ్మ కూడా రావచ్చు. నేర్చుకోవడానికి మాత్రం బస్సులో అంగెర్టాల్ వెళ్తాం. అక్కడ స్కీ స్కూలు, పిల్లల కోసం మెత్తటి వాలు ఉన్నాయి. నిలబడితే చాలు, కదిలే పట్టా ఒకటి మిమ్మల్ని పైకి తీసుకెళ్తుంది. గాస్టైన్ లోయ పాస్ తీసుకుంటే చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి 760 కిలోమీటర్ల స్కీ దారులు తిరగొచ్చని బోర్డుల మీద రాసి ఉంటుంది. మనకి మొదటి రోజుల్లో కావలసింది వంద మీటర్లు. ఆ డబ్బు మంచి టీచరుకి పెడదాం. ఏ టికెట్ అవసరమో స్కీ స్కూలు వాళ్లే చెప్తారు, అప్పటిదాకా కొనవద్దు.

అన్నిటికంటే ముందు బూట్లు. స్కీ సరదా అంతా, బాధ అంతా అందులోనే ఉంది. అద్దె దుకాణంలో బూటు తొడిగి నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు గోడకి కాస్త తగలాలి. మోకాళ్లు ముందుకి వంచితే మడమ వెనక్కి జరిగి, వేళ్లు గోడని వదలాలి. అలా వదిలితే సైజు సరిపోయినట్టు. చలి అని రెండు జతల సాక్సులు వేసుకోకూడదు. రక్తప్రసరణ ఆగి కాళ్లు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే పొడుగు సాక్సు ఒక్కటే, ముడతలు లేకుండా వేసుకోండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని బైండింగ్ అంటారు. మీరు పడినప్పుడు అది ఊడి, కాలు మెలితిరగకుండా కాపాడుతుంది. ఎంత బలానికి ఊడాలో మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవుని బట్టి దుకాణం వాళ్లు సెట్ చేస్తారు. అందుకని అక్కడ బరువు అడిగితే సిగ్గుపడి తగ్గించి చెప్పొద్దు సాహితీ. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

టీచరు మొట్టమొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా జరిపి నిలబడమంటారు. ఇక్కడి టీచర్లు పిల్లలకి దాన్ని ‘పిజ్జా’ అని చెప్తారు. స్కీల లోపలి అంచులు మంచుని గీరుకుంటూ వేగాన్ని తగ్గిస్తాయి. భయం వేసినప్పుడు ఒళ్లు తనంతట తానే వెనక్కి వాలుతుంది. అలా వాలితే బరువంతా స్కీల తోకల మీద పడి, అవి మాట వినడం మానేస్తాయి. భయం వేసినా ముందుకే వంగాలి, బూటు నాలుకకి మోకాలి కింద ఎముక ఆనాలి. ఇది ఒక్కటి ఒంటికి పట్టిందంటే మిగతాది త్వరగా వస్తుంది. పడతారు. అందరూ పడతారు. మెత్తటి వాలులో పడితే లేచి మంచు దులుపుకోవడమే.

దారులకి రంగులుంటాయి. నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. మనం నీలం దాటం. మీ ముందు, కింద వైపు ఉన్నవాళ్లకే దారి హక్కు. వెనక నుంచి వచ్చేవాడిదే బాధ్యత. మలుపు చాటున, ఇరుకు చోట ఆగకూడదు. హద్దు కర్రలు దాటి అడుగు వేయకూడదు. అవతల మంచు ఎంత అందంగా కనిపించినా సరే, అక్కడ మంచుచరియలు విరిగి జారే ప్రమాదం ఉంటుంది. ఈ విషయంలో మాత్రం నా దగ్గర గారాబం నడవదు. సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో 15 ఏళ్లలోపు పిల్లలకి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాళ్లం మేమూ పెట్టుకుంటాం. కొండల మీద ఆపద వస్తే ఆస్ట్రియాలో 140కి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఇద్దరూ నోటికి వచ్చేలా నేర్చుకోండి.

మన రోజు ఇలా ఉంటుంది. పొద్దున స్కీ స్కూలు, మధ్యాహ్నం భోజనం, ఆపైన ఓపిక ఉంటే ఒక్క గంట. అంతే, స్కీలు విప్పేస్తాం. డబ్బు కట్టాం కదా, లిఫ్టులు ఆపేదాకా తిరుగుదాం అనేవాళ్లు చాలామంది. సాయంత్రానికి తొడలు వణుకుతుంటాయి, వెలుతురు తగ్గుతుంది, మంచు గట్టిపడుతుంది. ఆ అలసటలో ‘ఇంకొక్కసారి’ అంటూ పైకెళ్లినప్పుడే కాళ్లు అదుపు తప్పుతాయి. మీరిద్దరూ ఇంకా కావాలని ఏడుస్తుండగానే నేను ఆపేస్తాను. ముందే చెప్తున్నాను, అప్పుడు అలగొద్దు.

ఆ తర్వాత వేడినీళ్లు. కొలనులో నీళ్లు ఒంటి వేడి కంటే కాస్త తక్కువగా, హాయిగా ఉంటాయి. ఆరుబయటి కొలనులో మెడదాకా మునిగి కూర్చుంటే చుట్టూ ఆవిరి, ఎదురుగా మంచు కొండలు. తడి జుట్టు చివర్లు గడ్డకట్టి గరగరలాడతాయి. ముట్టుకుంటే మీకే నవ్వొస్తుంది. ఒక విడత పదిహేను, ఇరవై నిమిషాలు ఉండి బయటికి వచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు పడుకుని మళ్లీ వెళ్లాలి. వేడినీళ్లలో చెమట పట్టడం తెలియదు, ఒంట్లో నీళ్లు తగ్గి కళ్లు తిరుగుతాయి. దిగే ముందు షవర్ తప్పనిసరి. కాటన్ టీషర్టులు, చుడీదార్లు వేసుకుని దిగనివ్వరు, ఈత బట్టలే ఉండాలి. అమ్మమ్మకి ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు హైదరాబాద్‌లో దొరుకుతాయి, అమ్మతో వెళ్లి కొనండి. అవి వేసుకోవచ్చా అని స్నానశాల వాళ్లకి ముందుగా రాసి కనుక్కునే పని నాది. సౌనా, అంటే చెమట పట్టేలా కూర్చునే వేడి గదుల భాగం, వేరే ఉంటుంది. అక్కడ బట్టలు లేకుండా కూర్చోవడం ఈ దేశపు అలవాటు. వాళ్లకి అందులో తప్పేమీ లేదు. మనం అటు వెళ్లం, వెళ్లేవాళ్లని చూసి నవ్వం.

బట్టలు మూడు పొరలు: ఒంటికి ఆనుకుని ఊలు లేదా సింథటిక్ థర్మల్, దానిపైన ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే స్వెట్టర్), పైన నీళ్లు పీల్చని జాకెట్, ప్యాంటు. కాటన్ బనీను వద్దు. చెమటతో తడిసి ఆరక చలి పెడుతుంది. మంచు ఎండని అద్దంలా తిప్పికొడుతుంది, కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాసుకోవాలి. గాగుల్స్ లేకుండా బయటికి రాకూడదు.

తిండి గురించి బెంగ వద్దు. వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకుంటున్నాను, రాత్రికి అన్నం, పప్పు మనమే వండుకుంటాం. కొండ మీద హోటల్లో గెర్మ్‌క్నోడెల్ తినిపిస్తాను. ఆవిరి మీద ఉడికించిన పెద్ద పిండి ఉండ, లోపల ప్లమ్ జామ్, పైన గసగసాల పొడి, చక్కెర. అమ్మమ్మ గుడ్డు తినదు కాబట్టి పిండిలో గుడ్డు కలిపారేమో అడిగాకే ఆవిడకి పెడదాం. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా ఏ రసంతో చేశారో అడిగి తీసుకోవాలి, ఇక్కడ మాంసం ఉడికించిన రసం వాడడం మామూలు.

రావడానికి ఇంకా నెలలున్నాయి. రోజూ మెట్లు ఎక్కి దిగండి. దిగడం ముఖ్యం, స్కీయింగ్‌లో పనిచేసేవి ఆ కండరాలే. గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడడం కూడా అలవాటు చేసుకోండి. బూట్లు, స్కీలు నేను డిసెంబరులోనే బుక్ చేస్తాను. ఈలోగా మీ ఇద్దరి ఎత్తు, బరువు, పాదం పొడవు నాకు రాసి పంపండి. పాదం కొలిచేటప్పుడు కాగితం మీద నిలబడి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా సెంటీమీటర్లలో కొలవండి. కౌశిక్ పాదం డిసెంబరులో మళ్లీ ఒకసారి కొలవాలి, వాడు పెరుగుతున్నాడు.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పండి. అమ్మమ్మకి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ పెద్దమ్మ