రొయ్యల ప్లాంటులో హెచ్‌ఆర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో హెచ్‌ఆర్ పని చేస్తున్నాను. అమెరికా మన దేశపు సరుకు మీద 2025 ఆగస్టు 7న 25 శాతం సుంకం వేసి, 27 నుంచి దాన్ని 50 శాతం చేసిన రోజుల్లో మా ఆఫీసులో తిరిగిన మాటలివి.

అపోహ: ఆర్డర్లు తగ్గితే ముందు మనుషుల్ని తగ్గించాలి.

2020 లాక్‌డౌన్‌లో నేను అప్పుడు పనిచేసిన కంపెనీ అదే చేసింది. పీలింగ్ హాల్లో, అంటే రొయ్య పెంకు వలిచే చోట, ఏళ్ల తరబడి చేసినవాళ్లని పంపేసి, మళ్లీ ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ప్లాంటు తెరిచేసరికి చాలామంది పక్క కంపెనీ బస్సెక్కారు. చెయ్యి తిరిగినావిడ తోక దగ్గర నొక్కి లాగితే మాంసం మొత్తం ఊడొస్తుంది. కొత్త చెయ్యయితే తోకలో ముక్క పెంకులోనే ఉండిపోతుంది. ఆ నష్టం జీతాల ఖాతాలో కనబడదు కాబట్టి ఎవరూ లెక్కెయ్యరు.

ముందు ఓవర్‌టైమ్ ఆపాలి, తర్వాత షిఫ్టులు సర్దాలి. తీసెయ్యడం ఆఖరి మాట. తీసేసినా, ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటే ముందు పాతవాళ్లనే పిలవాలని చట్టమే చెబుతోంది.

అపోహ: రేపేమవుతుందో తెలియనప్పుడు ప్లానెందుకు?

ఏడాదికి ఇంతమంది అని ఒక అంకె రాసుకుంటే నిజంగానే దండగ. అమెరికాకి ఎక్కువగా వలిచిన రొయ్య వెళ్తుంది. చైనా ఆర్డర్లు చాలావరకు తల, పెంకు ఉన్నవే. అంటే మార్కెట్ మారితే సరుకు అంతే ఉన్నా పీలింగ్‌లో పనుండదు, సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్‌లో మనుషులు చాలరు. మా గోడ మీద ఒక చార్టుంది: నిలువునా పేర్లు, అడ్డంగా పనులు, వచ్చిన పనికి టిక్కు. ఒక్క టిక్కే ఉన్న పేర్లు చూస్తే నాకు టెన్షన్. పని పలచబడ్డ రోజుల్లో వాళ్లని గ్రేడింగ్ దగ్గర నిలబెట్టి నేర్పించాం. స్పీడు పడిపోతోందని సూపర్‌వైజర్లు గొణిగారు. పడిపోయిన మాటా నిజమే.

అపోహ: కాంట్రాక్టు లేబరైతే మనకి సంబంధం లేదు.

కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సింది కంపెనీయే. అంతే.

అపోహ: చెడు వార్త చివరిదాకా దాచాలి.

సుంకం సంగతి మేం చెప్పకముందే పనివాళ్ల ఫోన్లలో ఉంది. చెరువులు లీజుకి చేసే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకి రొయ్య రేటు మేమా చెప్పాలి? క్యాంటీన్లో ఒకావిడ అడిగింది: "సార్, వచ్చే వారం బస్సొస్తుందా రాదా, అది చెప్పండి చాలు." అప్పట్నుంచి ప్రతి శనివారం షిఫ్టుల కాగితం గేటు దగ్గర అంటిస్తున్నాం. తేలని రోజులకి ఎదురుగా "బుధవారం చెబుతాం" అని రాస్తాం. బుధవారం పొద్దున్నే గేటు దగ్గర గుంపు ఉంటుంది.