స్టీరింగ్ తూలుడు, వారంటీ క్లెయిము: అపోహలు - వాస్తవాలు

డీలర్ వర్క్‌షాపులో ముందు యాక్సిల్, స్టీరింగ్ పనులు చూసేవాణ్ణి నేను. కొత్త ట్రక్కు కొన్నవాళ్లు తెచ్చే ఫిర్యాదుల్లో మాకూ వాళ్లకూ ఎక్కువ గొడవ పెట్టేది ఒకటుంది: "బండి నేరుగా పోవడం లేదు, తూలుతోంది." ఆయిల్ కారితే నేల మీద కనిపిస్తుంది, లైటు వెలగకపోతే ఎవరైనా చూస్తారు. తూలుడు మాత్రం వేగం మీద, పొడవాటి రోడ్డు మీదే బయటపడుతుంది. వర్క్‌షాపులో నిలబెట్టిన బండి బుద్ధిగానే ఉంటుంది. వారంటీలో పని జరగాలంటే ఆ లోపం మెకానిక్ చేతికి కూడా తెలియాలి, కొలతలో దొరకాలి, కాగితం మీదికి ఎక్కాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పినందుకే చాలా బండ్లు వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పోతుంటాయి.

అపోహ: "స్టీరింగ్ బాగోలేదు" అని చెబితే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

అలా చెబితే సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డులో "స్టీరింగ్ చెక్" అని రాస్తాడు. మెకానిక్ చెక్ చేసి "ఓకే" అని రాస్తాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, మీ పని మాత్రం కాలేదు.

స్టీరింగ్ ఫిర్యాదుల్లో నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ దారులు వేరు. బండి ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే అది లాగడం. కాసేపు కుడికీ కాసేపు ఎడమకీ జరుగుతూ, చేయి ఆడిస్తూనే ఉండాల్సి వస్తే తూలుడు. గతుకు తగలగానే స్టీరింగ్ గబగబా కొట్టుకుంటే వణుకు. స్టీరింగ్ కొంత తిప్పినా చక్రాలు కదలకపోతే ప్లే. లాగడం అయితే మేం ముందు టైర్లు, బ్రేకులు చూస్తాం. తూలుడు అయితే క్యాస్టర్ (చక్రం వాలు కోణం, కింద వివరిస్తాను), స్టీరింగ్ బాక్సు, జాయింట్లు, వెనక యాక్సిల్ వైపు వెళ్తాం. తప్పు మాట చెబితే తప్పు చోట వెతుకుతాం, అంతే.

ఫిర్యాదు ఇలా రాయించండి: "80 దాటాక, ఖాళీ బండిలో, గాలి లేని రోజు కూడా, నేరు రోడ్డు మీద బండి రెండు పక్కలకూ జరుగుతోంది. లోడు వేస్తే తగ్గుతోంది." ఇంకో సంగతి కూడా గమనించి చెప్పండి. కుడి మలుపు తిరిగి నేరుగా వచ్చాక బండి ఇంకా కుడికే పోవాలని చూస్తోందా? ఎడమ మలుపు తర్వాత ఎడమకా? అలా ఉంటే ఎక్కడో వదులు కాదు, బిగుతు ఉంది. చక్రం పక్కలకు తిరిగే ఇరుసైన కింగ్ పిన్నో, బాల్ జాయింటో, స్టీరింగ్ కాలమ్ జాయింటో పట్టేస్తోందన్నమాట. వదులు కోసమే వెతికే మెకానిక్‌కి ఇది దొరకదు. ఈ ఒక్క వాక్యం చెబితే మా పని సగం తగ్గుతుంది.

అపోహ: అలైన్‌మెంట్ రిపోర్టు అంతా పచ్చగా ఉంటే బండిలో లోపం లేనట్టే.

ఈ పచ్చ రంగు చూపించి ఇంటికి పంపేసిన బండ్లకు లెక్కలేదు. చక్రాల కోణాలు కొలిచే అలైన్‌మెంట్ మెషీన్‌లో, కొలత కంపెనీ ఇచ్చిన పరిధిలో ఉందని చెప్పడమే దాని పని. ఆ పరిధి వెడల్పుగానే ఉంటుంది.

క్యాస్టర్ సంగతే చూడండి. చక్రం ఏ ఇరుసు మీద పక్కలకు తిరుగుతుందో, ఆ ఇరుసు పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు కోణమే క్యాస్టర్. స్టీరింగ్ వదిలితే తనంతట తాను మధ్యకు రావడం, వేగంలో బండి నిలకడగా పోవడం ఎక్కువగా దాని చలవే. పరిధి 3 నుంచి 5 డిగ్రీలు అనుకుందాం. రెండు చక్రాలకూ 3.1 ఉంటే మెషీన్ పచ్చగానే చూపిస్తుంది. బండి మాత్రం రోడ్డు మీద తేలిపోతున్నట్టు ఉంటుంది. పరిధి లోపలే దాన్ని పై అంచు వైపు తీసుకెళ్తే చాలాసార్లు తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. కమాను కట్టలున్న ముందు యాక్సిల్ అయితే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య షిమ్ము అనే ఏటవాలు పలక పెడతాం. కాయిల్ స్ప్రింగులున్న వాటిలో వేరే పద్ధతులున్నాయి. "టో (ముందు చక్రాలు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయనే కొలత) మాత్రమే అడ్జస్ట్ అవుతుంది, క్యాస్టర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే" అని ఎవరైనా అంటే, మీ మోడల్ రిపేరు మాన్యువల్‌లో ఏముందో చూపించమనండి.

రంగులు వదిలేసి అంకెలు అడగండి. పని ముందు కొలత, పని తర్వాత కొలత, రెండూ ఉన్న ప్రింటు తీసుకోండి. వెనక యాక్సిల్ కొలత అందులో ఉందో లేదో చూడండి. వెనక యాక్సిల్ చాసిస్‌కి చదరంగా కూర్చోకపోతే ముందు చక్రాలు ఎంత సరిచేసినా బండి కాస్త వంకరగానే నడుస్తుంది. ముందు రెండు చక్రాలే కొలిచిన రిపోర్టులో అది కనిపించదు.

పైగా అలైన్‌మెంట్ మెషీన్ నిలబడి ఉన్న బండిని కొలుస్తుంది. జాయింటులో ప్లే ఉంటే నిలబడినప్పుడు ఒక కొలత, పరుగులో ఇంకో కొలత. అందుకే ముందు ప్లే చూడాలి, తర్వాతే అలైన్‌మెంట్. ఇంజన్ ఆన్‌లో, చక్రాలు నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉండాలి, ఇంకొకరు కింద పిట్‌లో నిలబడి ఒక్కో జాయింటు మీద వేలు ఆనించి చూడాలి. పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ బాక్సు కదలికను చక్రాల దాకా చేర్చే కడ్డీలు, వాటి కీళ్లు), ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టుకునే కడ్డీ) బుష్, స్టీరింగ్ బాక్సు చాసిస్‌కి బిగించిన బోల్టులు. కంటికి కనపడని కదలిక వేలికి తెలుస్తుంది. లిఫ్టు మీద చక్రం పట్టుకుని ఊపి చూస్తే ఇందులో సగం దొరకదు, ఎందుకంటే బరువు చక్రాల మీద లేదు. మీ బండికి ఈ పరీక్ష చేశారా అని అడగడంలో తప్పేం లేదు.

అపోహ: టెస్ట్ డ్రైవ్ వాళ్లు చేసుకుంటారు, నేనెందుకు?

వాళ్లు వర్క్‌షాపు చుట్టూ ఒక రౌండు వేసి వస్తారు. 40 వేగంలో మీ లోపం రాదు. ఫోర్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, లోపం వచ్చే రోడ్డు మీద, వచ్చే వేగంలో మీరే నడపండి. లోపం వచ్చాక స్టీరింగ్ ఆయనకు ఇవ్వండి. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఏ బండైనా వాలు వైపు కొంత జారుతుంది. వేరే లేన్‌లో, వేరే వాలు మీద కూడా నడిపి చూపిస్తే ఆ సాకు ముందే పోతుంది. కొత్త బండి అయితే లేన్ కీపింగ్ లాంటి సదుపాయాలు ఆపేసి నడపండి. గీతల మధ్య ఉంచాలని సిస్టమ్ మెల్లగా లాగుతుంటే, దాన్నే తూలుడు అనుకునేవాళ్లు ఉన్నారు.

అపోహ: "ఈ మోడల్ అన్ని బండ్లూ ఇంతే" అన్నాక ఇక మాట్లాడేదేం లేదు.

మాట్లాడేది అక్కడే మొదలవుతుంది. అదే మోడల్, అదే టైరు సైజు ఉన్న ఇంకో బండి యార్డులో ఉంటే, అదే రోడ్డు మీద నడిపి చూద్దామనండి. అది నిలకడగా పోతే "అన్నీ ఇంతే" అన్న మాట అక్కడితో సరి. ఆ తేడా జాబ్ కార్డులో రాయించండి. అది కూడా తూలితే, ఇది ఒక్క బండి లోపం కాదు. అప్పుడు అడగాల్సింది ఈ చాసిస్ నంబరుకి సర్వీస్ బులెటిన్ ఏదైనా ఉందా అని. ఒకే ఫిర్యాదు చాలామంది దగ్గర్నుంచి వస్తే కంపెనీ డీలర్లకు రిపేరు పద్ధతి రాసి పంపుతుంది. అది రీకాల్ (కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) లాంటిది కాదు. మీకు ఉత్తరం రాదు, వారంటీ గడువూ పెరగదు. అడిగినవాళ్లకే దొరికే సందర్భాలు ఎక్కువ.

అపోహ: ఖర్చు తన జేబులోంచి పోతుందని డీలర్ తప్పించుకుంటాడు.

వారంటీ పనికి పార్టులూ కూలీ ఇచ్చేది కంపెనీ. అయినా డీలర్ ఎందుకు వెనకాడతాడంటే, ఒక్కో పనికి ఇన్ని గంటలని కంపెనీ ముందే కట్టేసి ఉంటుంది. లోపం వెతకడానికి పట్టే సమయానికి తక్కువ ఇస్తుంది, ఏమీ దొరకకపోతే కొన్నిచోట్ల అసలే ఇవ్వదు. తూలుడులో పనంతా వెతకడమే. పైగా ఫిర్యాదు ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేశాం అనే మూడూ సరిగ్గా రాయకపోతే కంపెనీ క్లెయిము తిప్పికొడుతుంది. తీసేసిన పార్టు చూపించమని అడుగుతుంది. కొలత లేకుండా స్టీరింగ్ బాక్సు మారిస్తే ఆ డబ్బు డీలర్ నెత్తిన పడవచ్చు. అందుకే మీరు అరిచినప్పటికంటే, కొలతల ప్రింటు పట్టుకొచ్చినప్పుడు ఫోర్‌మన్ ముఖం వెలుగుతుంది. క్లెయిము రాయడానికి ఆయనకి ఏదో ఒకటి దొరికింది కదా!

డీలర్ దగ్గర కదలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి రాసి కేసు నంబరు తీసుకోండి. కంపెనీ టెక్నికల్ మనిషి వచ్చే రోజు ఎప్పుడో కనుక్కుని బండి ఆ రోజు పెట్టండి.

అపోహ: స్టీరింగ్ బాక్సు మీద స్క్రూ ఉంది, బయట ఎవరితోనైనా కాస్త బిగిస్తే పోతుంది.

దయచేసి వద్దు. రీసర్క్యులేటింగ్ బాల్ బాక్సు (లోపల గుండ్ల మీద తిరిగే రకం స్టీరింగ్ బాక్సు) పైన లాక్ నట్‌తో ఒక స్క్రూ ఉంటుంది, నిజమే. దాన్ని బిగిస్తే మధ్యలో ప్లే తగ్గుతుంది, అదీ నిజమే. కానీ గేరు పళ్లు మధ్య భాగంలోనే కావాలని దగ్గరగా ఉంటాయి. బాక్సు సరిగ్గా మధ్యలో లేకుండా బిగించినా, కాస్త ఎక్కువ బిగించినా అక్కడ పట్టేస్తుంది. అప్పుడు స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. డ్రైవర్ దాన్ని తెచ్చి, మళ్లీ దాటించి, మళ్లీ వెనక్కి తెస్తుంటాడు. అంటే తూలుడు కొత్త కారణంతో తిరిగొచ్చింది. లోపల పళ్లు అరగడం దానికి అదనం. లాక్ నట్ మీద స్పానర్ గీత కనిపించిందంటే క్లెయిము తోసిపుచ్చడానికి కంపెనీకి అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అపోహ: స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే సరి.

డ్యాంపర్ అంటే స్టీరింగ్ కడ్డీలకు పెట్టే షాక్ అబ్జార్బర్. అది వణుకుని అణుస్తుంది. తూలుడుకి మందు కాదు. వణుకు విషయంలో కూడా చాలాసార్లు అసలు వదులుని కప్పేస్తుందంతే.

అపోహ: కొత్త టైర్లే కదా, వాటిలో ఏముంటుంది?

డీలర్ దగ్గరికి వెళ్లేముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు డోర్ స్టిక్కర్ మీదున్న లెక్క ప్రకారం గాలి పెట్టించండి. గాలి తక్కువైతే టైరు గోడలు మెత్తబడి బండి తేలుతుంది. ఆ కారణం చూపించి పంపేస్తే మీకు ఒక రోజు దండగ. లాగడమే ఫిర్యాదైతే, ముందు రెండు టైర్లూ ఒకదాని చోట ఒకటి మార్చి చూడాలి, అవి ఒకే దిశలో తిరగాల్సిన రకం కాకపోతేనే. లాగే పక్క మారితే దోషం టైరుదే. టైర్ల వారంటీ చాలాసార్లు టైరు కంపెనీ చూస్తుంది, కాబట్టి ఆ క్లెయిము దారి వేరు.

అపోహ: బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేస్తే వారంటీ మొత్తం పోయినట్టే.

మొత్తం పోవాలని లేదు, కానీ స్టీరింగ్ క్లెయిము మాత్రం కష్టమే. ఘన యాక్సిల్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే ఒకే దూలం లాంటి యాక్సిల్) ఉన్న బండిలో ముందు భాగం ఎత్తితే యాక్సిల్ కాస్త తిరిగిపోయి, క్యాస్టర్ తగ్గుతుంది. డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ కోణాలు మారి గతుకుల్లో బండి తనంతట తాను తిరుగుతుంది. అక్కడ కంపెనీ కాదంటే తప్పు పట్టలేం. అదే బండిలో పవర్ స్టీరింగ్ పంపు సీలు కారితే దానికీ ఎత్తుకీ సంబంధం ఏమిటని అడగవచ్చు.

అపోహ: వారంటీ అయిపోయే లోపు రిపేరు పూర్తి కాకపోతే అంతే సంగతులు.

గడువు లోపల ఫిర్యాదు నమోదైందా లేదా అన్నది ముందు చూస్తారు. అందుకే ప్రతిసారీ, "లోపం కనబడలేదు" అని తిప్పి పంపినా సరే, తేదీ, కిలోమీటర్ల రీడింగు, మీ మాటల్లో ఫిర్యాదు ఉన్న జాబ్ కార్డు కాపీ తీసుకునే బయటికి రండి. గడువు దాటాక అదే ఫిర్యాదుతో వస్తే అది పాత కేసు కొనసాగింపని వాదించడానికి ఆ కాపీలే ఆధారం. నోటిమాటగా చెప్పి వెళ్లినదాన్ని మా దగ్గర ఎవరూ గుర్తుపెట్టుకోరు, అడ్వైజర్లు మారిపోతుంటారు కూడా. అలైన్‌మెంట్ లాంటి అడ్జస్ట్‌మెంట్లకు మాత్రం అసలు వారంటీ కంటే చాలా చిన్న గడువు ఉండటం మామూలే. మీ వారంటీ పుస్తకంలో ఆ పేజీ వెతకండి, బండి కొత్తగా ఉన్నప్పుడే.

ఇవన్నీ తీరిగ్గా చేసుకోదగ్గ తూలుడు గురించి. ప్లే ఒక్కసారిగా పెరిగినా, కింద టకటక చప్పుడు వస్తున్నా, స్టీరింగ్ ఆయిల్ కారుతున్నా బండిని నడిపి తీసుకురాకండి. టోయింగ్‌కి ఫోన్ చేయండి.