మన ఊరు ఎటు వాలి ఉంది?

చిన్నూకీ, అమ్ములుకీ తాతయ్య ఆశీస్సులు.

మీకు సైకిళ్ళు కొన్నానని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అప్పటి నుంచి నాకు ఒకటే ఆత్రం, ఈ సంగతి మీకు రాయాలని. తిరుపతిలో పుట్టి పెరుగుతున్నారు కదా, మన ఊరు ఎటు వాలి ఉందో చెప్పగలరా? స్కూటీ వెనక ఎన్నేళ్ళు తిరిగినా అది తెలియదు. బండికి ఎత్తయినా పల్లమైనా ఒకటే. సైకిలెక్కితే ఒక్క రోజులో మోకాళ్ళే చెప్పేస్తాయి.

మీ వయసులో నేను కపిలతీర్థం దగ్గర ఉండేవాణ్ణి. మా నాన్న రైల్వేస్టేషన్ పక్కన ఒక కొట్లో లెక్కలు రాసేవారు. మధ్యాహ్నం ఆయనకు అన్నం క్యారేజీ ఇచ్చి రావడం నా పని. సీటు అందేది కాదు, బారు కిందుగా కాలు దూర్చి తొక్కేవాణ్ణి. పోయేటప్పుడు క్యారేజీ నిండుగా ఉన్నా సైకిల్ దానంతటదే ఉరికేది. వచ్చేటప్పుడు ఖాళీ క్యారేజీతో ఆయాసం వచ్చేది. చైన్‌కు నూనె వేసి చూశాను, లాభం లేదు. చివరికి నాన్ననే అడిగాను. "ఊరు కొండ కాళ్ళ దగ్గర మొదలై ఏటి దాకా జారుతుంది రా. నువ్వు ఇంటికొచ్చేది ఎగువకు" అన్నారు.

ఏరంటే మన స్వర్ణముఖి. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన ఏరు, మధ్యలో మనం. కొండ మీద కురిసిన వాన కపిలతీర్థంలో దూకుతుంటే ఫొటోలు దిగుతాం. ఆ తర్వాత ఆ నీళ్ళు ఎటు పోతాయి? మీరు తొక్కకపోయినా సైకిల్ ఎటు జారుతుందో అటే. ఆ నీళ్ళు ఆగి, భూమిలోకి ఇంకడానికి పెద్దవాళ్ళు చెరువులూ గుంటలూ ఉంచారు. తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట... పేర్లలో గుంట ఇంకా ఉంది చూడండి. ఇప్పుడు తాతయ్యగుంట అంటే గంగమ్మ జాతర గుర్తొస్తుంది కానీ, నీళ్ళ గుంట ఎవరికీ గుర్తు రాదు.

2021 నవంబర్‌లో వచ్చిన వరద మీకు లీలగా గుర్తుండొచ్చు. కపిలతీర్థం దగ్గర ఆ ప్రవాహం చూసి నాకు కాళ్ళు వణికాయి. వీధులు కాలువలయ్యాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న టెన్షన్‌తో దిగువ ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించారు. ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయని అందరూ అడిగారు. నాకు మాత్రం క్యారేజీ మోసిన దారి గుర్తొచ్చింది. నీళ్ళు తమ పాత దారినే వచ్చాయి. ఆ దారిలో ఇళ్ళు కట్టుకున్నది మనం. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు బాధగానే ఉంది.

చంద్రగిరి వైపు తొండవాడ దాకా వెళ్తే స్వర్ణముఖిలో కళ్యాణి, భీమా నదులు కలిసే చోటు ఉంది. అది దూరం, ఇప్పుడే వద్దు. కాళ్ళు గట్టిపడ్డాక నాన్నతో వెళ్ళండి.

ముందు ఈ ఆదివారం తెల్లవారి ఆరింటికి, బస్సుల రద్దీ మొదలవకముందే కపిలతీర్థం నుంచి బయల్దేరండి. టైర్లకు గాలి, బ్రేకులు చూసుకోండి. తిరుచానూరు దాకా పోయి, అక్కడ ఏటి ఒడ్డున కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి కొండను చూడండి. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడ సైకిల్ దిగి నడిపించాల్సి వచ్చిందో ఫోన్ చేసి నాకు చెప్పండి.

మీ తాతయ్య